పరాయి దేశంలో పాజిటివ్ వస్తే

2021 డిసెంబరు 12న శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుల్లో ఒక కెన్యా యువతి, ఒక సోమాలియా యువకుడు ఉన్నారు. కోవిడ్ వైరస్ కొత్త రూపానికి పెట్టిన ఒమిక్రాన్ అనే పేరు ప్రపంచానికి తెలిసి అప్పటికి పదహారు రోజులే అయింది. కేంద్రం ఆ నెల 1వ తేదీ నుంచి కొత్త నిబంధనలు పెట్టింది. ముప్పు జాబితాలోని దేశాల నుంచి వచ్చేవాళ్ళు ఎయిర్‌పోర్టులోనే శాంపిల్ ఇచ్చి, రిపోర్టు చేతికొచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. మిగతా దేశాల వాళ్ళలో నూటికి ఇద్దరి దగ్గర శాంపిల్ తీసుకుని పంపించేస్తారు. కెన్యా, సోమాలియా ఆ జాబితాలో లేవు. వీళ్ళు ఆ నూటికి ఇద్దరి లెక్కలోకి వచ్చారు. స్వాబ్ ఇచ్చి టోలిచౌకి వెళ్ళిపోయారు. శాంపిల్ పాజిటివ్ వచ్చింది, జన్యుక్రమం చదివితే ఒమిక్రాన్ అని తేలింది. 15వ తేదీన ప్రజారోగ్య సంచాలకుడు జి. శ్రీనివాసరావు ఆ సంగతి ప్రకటించారు. తెలంగాణలో అవే తొలి ఒమిక్రాన్ కేసులు. ఇద్దరినీ గచ్చిబౌలిలోని టిమ్స్ ఆసుపత్రికి తరలించారు, వాళ్ళున్న చోట చుట్టుపక్కల వాళ్ళకూ పరీక్షలు చేశారు.

అదే రోజు చెప్పిన మూడో కేసు అబుధాబి నుంచి శంషాబాద్ మీదుగా కోల్‌కతా వెళ్ళిన ఏడేళ్ళ బాబుది. రిపోర్టు వచ్చేసరికి పిల్లాడు సొంత రాష్ట్రం చేరిపోయాడు. పశ్చిమ బెంగాల్‌ లెక్కలో తొలి ఒమిక్రాన్ కేసు అతనిదే అయింది.

ఈ వార్తను అప్పట్లో మనం ఒకే వైపు నుంచి చదివాం: విదేశీయులు వైరస్ తెచ్చారు, మన ఊరికి ముప్పు వచ్చింది. ఇంకో వైపు కూడా ఉంది. ఆ ఇద్దరికీ హైదరాబాదే పరాయి దేశం. భాష రాని ఊళ్ళో, దిగిన మూడో రోజుకే ఆసుపత్రి పాలు. మన అమ్మానాన్నలకు డాలస్‌లోనో, మన జగిత్యాల కుర్రాడికి దుబాయ్‌లోనో ఎదురైతే ఎలా ఉంటుందో వాళ్ళకు ఇక్కడ అలాగే ఎదురైంది. విదేశీ ప్రయాణానికి సిద్ధమవడం అంటే పాస్‌పోర్టు, వీసా, డాలర్లు అనుకుంటాం. దారిలో పాజిటివ్ వస్తే ఏం చేయాలన్నది కూడా ఆ సిద్ధపడటంలో భాగమే. అందుకు ముందుగా తెలియాల్సింది పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది.

ఆర్టీ-పీసీఆర్ వెతికేది వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏని. ముక్కులోంచో గొంతులోంచో తీసిన శాంపిల్‌లో అది ఉంటే, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైము దాన్ని డీఎన్‌ఏగా తిరగరాస్తుంది. ఆ తర్వాత యంత్రం వేడి చేస్తూ, చల్లారుస్తూ పోతుంటే ఒక్కో విడతకు ఆ డీఎన్‌ఏ రెట్టింపవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, పది విడతలకు 1,024, ముప్ఫై విడతలకు 107 కోట్ల పైచిలుకు. కారీ ముల్లిస్ 1983లో కనిపెట్టిన ఈ పద్ధతికి 1993లో నోబెల్ వచ్చింది. ఎన్నో విడతలో యంత్రానికి వైరస్ జాడ కనిపించిందో ఆ అంకెనే సీటీ వాల్యూ అంటారు. 2021లో ‘నాకు 18 అట, నీకెంత?’ అని ఫోన్లలో పోల్చుకున్నది ఈ అంకెనే. అంకె చిన్నదైతే వైరస్ ఎక్కువ. 20కీ 30కీ మధ్య తేడా పది కాదు, దాదాపు వెయ్యి రెట్లు. మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 35ను పాజిటివ్‌కు హద్దుగా పెట్టింది. అయితే స్వాబ్ ఎంత లోతుకు వెళ్ళింది, కిట్ ఏ కంపెనీది అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. కాబట్టి ఇద్దరి సీటీలు పక్కపక్కన పెట్టి ఎవరికి జబ్బు ఎక్కువో తేల్చడం ఆనాటి కాలక్షేపం మాత్రమే.

వైరస్ ఒంట్లోకి చేరిన ఎన్ని గంటలకు ఈ యంత్రానికి దొరుకుతుంది? దీనికి చాలా శుభ్రమైన జవాబు బ్రిటన్‌లో దొరికింది. ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు 18-30 ఏళ్ళ వయసున్న 36 మంది ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు, వాళ్ళ సమ్మతితో, ముక్కులో ఒక్క చుక్క వైరస్ వేశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. సగం మందికి వైరస్ సోకింది. సోకిన వాళ్ళలో సగటున 40 గంటలకు గొంతులో, 58 గంటలకు ముక్కులో వైరస్ జాడ మొదలైంది. అయిదో రోజుకల్లా శిఖరానికి చేరింది. అంటే ఆదివారం సాయంత్రం వీడ్కోలు విందులో వైరస్ అంటుకున్న మనిషి సోమవారమంతా ఏ పరీక్షకూ దొరకడు. మంగళవారం మధ్యాహ్నం గొంతులో దొరకొచ్చు, ముక్కులో స్వాబ్ పెడితే అప్పటికీ దొరక్కపోవచ్చు.

యూఏఈ నిబంధన గుర్తున్నవాళ్ళకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. 2021 ఆగస్టులో భారతీయులకు మళ్ళీ తలుపు తీసినప్పుడు ఆ దేశం రెండు పరీక్షలు అడిగింది. మొదటిది ప్రయాణానికి 48 గంటల లోపల మామూలు ఆర్టీ-పీసీఆర్. రెండోది విమానం ఎక్కే ఎయిర్‌పోర్టులోనే, బయలుదేరే ముందు నాలుగు గంటల్లోపు చేయించాల్సిన ర్యాపిడ్ పీసీఆర్; ఆ గడువును తర్వాత ఆరు గంటలకు పెంచారు. శంషాబాద్ టెర్మినల్‌లో ఈ పరీక్షలకు ల్యాబ్ నడిచింది. మామూలు పరీక్షకు పెట్టేదానికి కొన్ని రెట్లు ర్యాపిడ్‌కు కట్టాల్సి వచ్చేది. 2022 ఫిబ్రవరిలో దుబాయ్ దాన్ని ఎత్తేసేదాకా అక్కడికి వెళ్ళేవాళ్ళకు అదే గండం. మొన్న నెగెటివ్ అన్న మనిషికి ఇవాళ పాజిటివ్ రావడం చూసి చాలామంది ల్యాబులను తిట్టుకున్నారు. ల్యాబు తప్పు చేసే వీలు ఎప్పుడూ ఉంటుంది కానీ, ఆ రెండు శాంపిళ్ళ మధ్య దొర్లిన 40 గంటల్లో వైరస్ సున్నా నుంచి లక్షల్లోకి ఎదగగలదు. రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు.

నా మట్టుకు ఆ నిబంధన శాస్త్రం ప్రకారం సబబు, మనుషుల ప్రకారం క్రూరం. ఎక్కేముందు చేసే పరీక్షే విమానంలో తోటివాళ్ళను కాపాడుతుంది, నిజమే. కానీ నిజామాబాద్ నుంచో సిరిసిల్ల నుంచో రాత్రంతా బండి కట్టించుకుని వచ్చి, అప్పుచేసి టికెట్ కొని, ఇంటిల్లిపాదినీ కన్నీళ్ళతో వదిలి లోపలికి వెళ్ళిన మనిషికి కౌంటర్ దగ్గర ‘నువ్వు వెళ్ళడానికి లేదు’ అని చెప్పడం ఎలా ఉంటుంది? ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి, వచ్చిన బండిలోనే అందరూ కలిసి వెనక్కి వెళ్ళొచ్చా, టికెట్ డబ్బు వస్తుందా, కంపెనీకి ఏం చెప్పాలి అన్నవి ఎవరూ ముందుగా ఆలోచించి పెట్టుకోలేదు. నిబంధన రాసినవాళ్ళూ ఆలోచించలేదు.

కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు ఇంకో చిన్న లెక్క. ఒక ఉద్ధృతిలో నూటికి ముగ్గురికి పాజిటివ్ వస్తోందనుకుందాం. ఒక్కడే వెళ్తే భయం 3 శాతం. నలుగురు కలిసి వెళ్తే, వాళ్ళలో కనీసం ఒక్కరికైనా రావడానికి అవకాశం పదకొండున్నర శాతం. ఒక్కరికి వస్తే ఆగేది నలుగురి ప్రయాణమూ. పిల్లల దగ్గర ఎవరు ఉండాలి, ఎవరు ముందు వెళ్ళిపోవాలి అనేది ఇంట్లో సోఫాలో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. హోటల్ గదిలో జ్వరంతో ఉన్నప్పుడు మొగుడూపెళ్ళాలు తేల్చుకోగలిగేది కాదు.

ఇక ఈ పరీక్షకు రెండో కొస కూడా ఉంది. వైరస్ పోయాక కూడా పరీక్ష పాజిటివ్ అంటూనే ఉంటుంది. పీసీఆర్‌కు బతికున్న వైరస్, చచ్చిన వైరస్ అన్న తేడా తెలియదు. పెళ్ళయిపోయి బంధువులంతా వెళ్ళిపోయిన ఇంటి గుమ్మానికి ఎండిన మామిడి తోరణం నెలరోజులు వేలాడుతుంది చూడండి, ముక్కులో మిగిలే ఆర్‌ఎన్‌ఏ ముక్కలు అలాంటివి. 79 అధ్యయనాలను గుదిగుచ్చి 2020లో వేసిన లెక్క ప్రకారం ముక్కు, గొంతుల్లో ఆర్‌ఎన్‌ఏ సగటున 17 రోజులు దొరుకుతుంది; గరిష్ఠంగా 83 రోజులు. కానీ ల్యాబులో పెంచితే పెరిగే వైరస్ తొమ్మిదో రోజు దాటాక ఆ అధ్యయనాల్లో దొరకలేదు. బ్రిటన్ వాలంటీర్లలో ఎక్కువలో ఎక్కువ 12 రోజుల దాకా దొరికింది.

అమెరికా ఈ సంగతిని నిబంధనలోనే పెట్టింది. 2021 జనవరి 26 నుంచి 2022 జూన్ 12 దాకా ఆ దేశానికి విమానం ఎక్కాలంటే నెగెటివ్ రిపోర్టు కావాల్సి వచ్చేది. మొదట మూడు రోజుల్లోపుది, ఒమిక్రాన్ వచ్చాక ఒక్క రోజులోపుది. అయితే గడిచిన 90 రోజుల్లో పాజిటివ్ వచ్చి కోలుకున్నవాళ్ళు నెగెటివ్ చూపించే అవసరం ఉండేది కాదు. పాత పాజిటివ్ రిపోర్టు, ప్రయాణానికి పనికొస్తారని డాక్టర్ రాసిన ఉత్తరం సరిపోయేవి. ఈ వెసులుబాటు తెలియక, నెగెటివ్ కోసం రోజు మార్చి రోజు స్వాబ్ ఇస్తూ కూర్చున్నవాళ్ళున్నారు. పోనీ అని వదిలేసే కాగితంలా కనిపించే పాజిటివ్ రిపోర్టే అప్పుడు టికెట్‌తో సమానమైన పత్రం అయింది.

ప్రయాణికులను విసిగించిన ఈ మిగిలిపోయే ఆర్‌ఎన్‌ఏయే హైదరాబాద్ శాస్త్రవేత్తలకు పనికొచ్చింది. 2020 ఆగస్టులో హబ్సిగూడలోని సీసీఎంబీ, పక్కనే తార్నాకలోని ఐఐసీటీ అనే పరిశోధన సంస్థలు కలిసి నగరంలోని మురుగునీటిని పరీక్షించాయి. సోకినవాళ్ళు 35 రోజుల దాకా వైరస్ ముక్కలను విసర్జిస్తారు కాబట్టి, మురుగులోని మోతాదును బట్టి ఆ నెలరోజుల్లో నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని అంచనా కట్టాయి. స్వాబ్‌కు దొరకని మనిషి మురుగుకాల్వలో దొరికాడన్నమాట.   

యాంటిజెన్ కిట్ సంగతి వేరు. అది ఆర్‌ఎన్‌ఏని వెతకదు, వైరస్ ప్రొటీన్‌ను వెతుకుతుంది. రెట్టింపు చేసే యంత్రాంగం లేదు కాబట్టి వైరస్ బాగా ఉంటేనే గీత పడుతుంది. అది లోపమే అయినా ప్రయాణంలో ఒకందుకు మేలు: గీత పడిందంటే ఎదుటివాళ్ళకు అంటించే స్థితిలో ఉన్నామని దాదాపు అర్థం. జ్వరం మొదలైన రోజున ఒకటి నెగెటివ్ వస్తే నమ్మకూడదు, రెండు రోజులాగి మళ్ళీ చూడాలి. ఏ లక్షణమూ లేకుండా పాజిటివ్ వచ్చినా ఒక లెక్క ఉంది. వెయ్యి మందిలో పది మందికే వైరస్ ఉందనుకోండి. కిట్ ఆ పదిలో ఏడుగురిని పట్టుకుంటుంది. మిగతా 990 మందిలో నూటికి ఒక్కరి చొప్పున పొరబడినా మరో పది మందికి ఉత్తుత్తి గీత పడుతుంది. పదిహేడు పాజిటివ్‌లలో పది అబద్ధం. అలాంటప్పుడు ఇంకో పరీక్ష చేయించుకోకుండా టికెట్ రద్దు చేసుకోకూడదు. కిట్లు 30 డిగ్రీల లోపు ఉండాలి. మే నెలలో ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో పెట్టిన కారు డిక్కీలో ఉంచితే అవి సరిగ్గా పనిచేయకపోవచ్చు.

ఇప్పుడు రిపోర్టు అడిగేవాళ్ళు లేరు. విదేశాల నుంచి వచ్చేవాళ్ళు వివరాలు నింపాల్సిన ఎయిర్ సువిధ పోర్టల్‌ను 2022 నవంబరులో ఎత్తేశారు. చైనాలో కేసులు పెరిగినప్పుడు ఆ డిసెంబరులో మళ్ళీ మొదలైన నూటికి ఇద్దరి పరీక్షలు 2023 జులైలో ఆగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని చెప్పింది 2023 మే 5న. వైరస్ మాత్రం విమానాలెక్కుతూనే ఉంది. సరిహద్దు దగ్గర ఆపేవాడు లేడు కాబట్టి, ఇప్పుడు పాజిటివ్ అనేది కాగితాల గొడవ పోయి ఒంటి గొడవగా, డబ్బు గొడవగా మిగిలింది. ఆ గొడవ ఎక్కువగా పడేది కూతురి పురుడుకో, కొడుకు కొత్తింటికో ఆరు నెలలు అమెరికా వెళ్ళే అరవై డెబ్భై ఏళ్ళ తల్లిదండ్రులు.

శంషాబాద్ డిపార్చర్స్ గేటు దగ్గర ఏ అర్ధరాత్రైనా నిలబడి చూడండి. తూకం దగ్గర పెట్టె విప్పి, ఆవకాయ ప్యాకెట్లు ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మారుస్తుంటారు. ఆ మార్పిడిలో చేతిసంచీలోంచి చెక్-ఇన్ పెట్టెలోకి పోయేవి చాలాసార్లు మందుల డబ్బాలు. బీపీవి, షుగర్‌వి, కొలెస్ట్రాల్‌వి, ఆరు నెలలకు సరిపడా. పెట్టె దోహాలో ఆగిపోతే మనిషి మందుల్లేకుండా డాలస్‌లో దిగుతాడు. మందులు చేతిసంచీలోనే ఉండాలి, డాక్టర్ చీటీతో సహా. చీటీలో కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరు ఉండాలి. ‘టెల్మా 40’ అంటే అక్కడి డాక్టర్‌కు తెలియదు. టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు అంటే తెలుస్తుంది.

ఈ మందుల చీటీ ఎందుకంత ముఖ్యమో పాజిటివ్ వచ్చిన రోజున అర్థమవుతుంది. పెద్ద వయసు వాళ్ళకు అక్కడ రాసే మందు సాధారణంగా పాక్స్‌లోవిడ్. లక్షణాలు మొదలైన అయిదు రోజుల్లోపు మొదలుపెట్టి, పూటకు మూడు మాత్రల చొప్పున అయిదు రోజులు వాడాలి. ఇందులో నిర్మట్రెల్విర్ వైరస్‌ను అడ్డుకుంటుంది. రెండోదైన రిటోనావిర్ పని వేరే: లివర్‌లో మందులను కరిగించే ఒక ఎంజైమును ఆపేసి, నిర్మట్రెల్విర్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా చూస్తుంది. ఆ ఎంజైము ఆగితే దాని మీద ఆధారపడ్డ మిగతా మందులూ కరగకుండా పోగుపడతాయి. మన పెద్దవాళ్ళ డబ్బాలో సర్వసాధారణంగా ఉండే అటోర్వాస్టాటిన్‌ను ఆ కొద్ది రోజులూ ఆపమని డాక్టర్ చెప్పొచ్చు. ఆమ్లోడిపిన్ ప్రభావం పెరిగి బీపీ పడిపోవచ్చు. స్టెంటు వేసినవాళ్ళు వాడే క్లోపిడోగ్రెల్‌ది తలకిందుల కథ, దాని పని తగ్గిపోతుంది. రక్తాన్ని పలచబరిచే ఇతర మందులకు ఇంకా జాగ్రత్త కావాలి. కిడ్నీ సరిగ్గా లేకపోతే మోతాదే మారుతుంది. అందుకే ప్రయాణానికి ముందు మన డాక్టర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పాజిటివ్ వస్తే పాక్స్‌లోవిడ్ వాడొచ్చా, వాడితే ఏ మాత్ర ఆపాలి? జవాబు ఆ చీటీ మీదే రాయించుకోవాలి. పాక్స్‌లోవిడ్‌కు తయారీదారు 2023లో ప్రకటించిన ధర కోర్సుకు 1,390 డాలర్లు. అదే మందు జనరిక్‌గా తయారుచేసి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి మొదటగా నాణ్యత గుర్తింపు పొందింది మన హైదరాబాద్ కంపెనీ హెటిరో. అలాగని ఇక్కడ కొని, సంచీలో పెట్టుకుపోయి సొంతంగా మింగే మందు కాదది.

డోలో గురించి కూడా ఒక మాట. మన పారాసిటమాల్‌ను అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే. జలుబు సిరప్పుల్లోనూ చాలావాటిలో అదే ఉంటుంది. అమ్మ తెచ్చుకున్న డోలో 650, కూతురు ఇచ్చిన టైలెనాల్, జలుబు మందు ఒకే రోజులో పలుమార్లు పడితే రోజుకు 4 గ్రాముల హద్దు తెలియకుండానే దాటొచ్చు. దెబ్బతినేది లివర్.

ఇన్సూరెన్స్ దగ్గర మనవాళ్ళ నిర్లక్ష్యం అంతా ఇంతా కాదు. వీసా కోసం చిల్కూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు, అది వచ్చాక 108 ప్రదక్షిణలు చేసిన మనిషి పాలసీ కాగితం ఒక్కసారి కూడా తిప్పి చూడడు. ఇక్కడి ఆరోగ్య పాలసీలు ఎక్కువగా దేశం లోపలే చెల్లుతాయి. విజిటర్ పాలసీల్లో తక్కువ ప్రీమియంవి డాక్టర్ ఫీజుకింత, రోజుకింత అని లెక్కగట్టి ఇచ్చేవి. అక్కడి ఆసుపత్రి బిల్లు ముందు ఆ లెక్క ఏ మూలకూ రాదు. కోవిడ్‌ను ఇతర కొత్త జబ్బుల్లాగే చూస్తామని రాసి ఉందా, పాత షుగర్ ముదిరితే కడతారా, గదిలో ఆగిపోయిన రోజుల ఖర్చు ఇస్తారా అనే మూడూ వేర్వేరు షరతులు, వేర్వేరు పేజీల్లో ఉంటాయి. కొనేముందు వెతకండి. అమెరికాలో ఉండటానికిచ్చిన గడువు చివర్లో పాజిటివ్ వచ్చి ఆగాల్సి వస్తే, ఆ గడువు రాసి ఉండే ఐ-94 తేదీ దాటకముందే పొడిగింపు కోరుతూ ఐ-539 దరఖాస్తు పెట్టుకోవాలి. ఆఖరి వారంలో తిరుగు టికెట్ పెట్టుకోకపోవడం ఇంకా తేలిక.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు ఈ సలహాల్లో సగం పనికిరావు. ఒకే గదిలో ఆరుగురు ఎనిమిది మంది పడుకునే చోట విడిగా ఉండమంటే ఎక్కడుంటాడు? ముందే అడిగి పెట్టుకోవాల్సింది ఒక్కటే: జబ్బు చేస్తే వేరే గది ఇస్తారా, ఆ రోజులకు జీతం కోస్తారా. ఫోన్లో భారత రాయబార కార్యాలయం నంబరు, జేబులో హెల్త్ కార్డు ఉండాలి.

చివరికి తిరుగు విమానం. అమెరికా సీడీసీ 2024 మార్చిలో పెట్టిన సూచన ప్రకారం, మందు వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేక, ఒళ్ళు తేరుకుంటే బయట తిరగొచ్చు. ఆ తర్వాత అయిదు రోజులు మాస్కు వంటి జాగ్రత్తలు పాటించాలి. అయితే విమానం మామూలు ‘బయట’ కాదు. లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. ఆరోగ్యవంతులకే రక్తంలో ఆక్సిజన్ 97 నుంచి 93 దాకా దిగడం విమాన ప్రయాణికుల్లో కొలిచి చూశారు. పదహారు గంటల ప్రయాణంలో కుర్రవాడికి అది తెలియను కూడా తెలియదు. కోవిడ్‌తో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, నేల మీదే 94 దగ్గర ఊగిసలాడుతున్న పెద్దాయనకు తెలుస్తుంది. కాబట్టి సంచీలో ఒక పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకోండి. ఇంట్లో కూర్చున్నప్పుడు ఎంత ఉందో, హాల్లో ఆరు నిమిషాలు నడిచాక ఎంతకు దిగిందో రోజూ రాసి పెట్టండి. నడిస్తే అంకె పడిపోతున్నంత కాలం, డాక్టర్ చూసి సరేననేదాకా, టికెట్ తేదీ జరపడమే.